యూరప్ డబ్బు గదులు కట్టింది, మరి ఉర్దూ పంతులేడీ?

జూన్ నెల వచ్చిందంటే కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల ముస్లిం కుటుంబాల్లో ఒకటే చర్చ. పిల్లవాణ్ణి ఏ బడిలో వేయాలి? వీధి చివరి ఉర్దూ మీడియం సర్కారు బడిలోనా? ఊరి పిల్లలందరితో కలిసి మండల పరిషత్ పాఠశాలలోనా? లేక భర్త దుబాయి నుంచో సౌదీ నుంచో పంపిన రియాళ్లు లెక్క చూసుకుని ప్రైవేటు కాన్వెంటులోనా? బీడీలు చుట్టి సంసారం గడిపే తల్లికి మూడో దారి లేదు. మొదటి రెండింటిలోనే ఏదో ఒకటి ఎంచుకోవాలి.

ఈ చర్చ సాగేచోట ఒక మాట తరచు వినబడుతుంది. జుమా నమాజు ముగిసి మస్జిద్ మెట్లు దిగేటప్పుడు ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు: “విదేశాల నుంచి చదువుల పేరిట కోట్లు వచ్చాయట భాయ్, మన బడి మాత్రం అలాగే ఉంది!” ఇందులో నిజం ఎంత, అపోహ ఎంత? కోట్లు వచ్చిన మాట నిజమే. మన బడికి ఏమీ రాలేదన్నది పూర్తిగా నిజం కాదు. అయితే మనకు ఏది కావాలో అది రాలేదు. ఎందుకు రాలేదన్నది కాస్త నిదానంగా పరిశీలించవలసిన విషయం.

కామారెడ్డి 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లా అయింది. ఎల్లారెడ్డి ఆ జిల్లాలో ఒక రెవెన్యూ డివిజన్. అంతకుముందు ఈ రెండు ప్రాంతాలూ నిజామాబాద్ జిల్లాలోనివే. కనుక యూరప్ సొమ్ము కథను నిజామాబాద్ జిల్లా కథగా చదువుకోవాలి. అది 1980ల్లో మొదలైంది.

1984లో బ్రిటిష్ ప్రభుత్వ ధనసాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా ఆరంభమైంది. ఏపీపీఈపీ అనే పొడి అక్షరాలతో పాత ఉపాధ్యాయులందరికీ అది గుర్తే. 1989 తర్వాత అప్పటి 23 జిల్లాలకూ విస్తరించి, 1996 వరకూ నడిచింది. అది అప్పు కాదు, తిరిగి చెల్లించనవసరం లేని సాయం. దాని కింద తరగతి గదులు కట్టారు, ఉపాధ్యాయ కేంద్రాలు ఏర్పరిచారు. అన్నిటికంటే ముఖ్యంగా పంతుళ్లకు శిక్షణ ఇచ్చారు. ఆ శిక్షణకు ఆరు సూత్రాలుండేవి. పంతులు తానే కృత్యాలు తయారు చేయాలి. పిల్లవాడు చేసి, ప్రయోగించి, కనుక్కుని నేర్చుకోవాలి. ఒంటరిగానూ, జట్టులోనూ, తరగతి మొత్తంతోనూ పని జరగాలి. పిల్లలందరూ ఒకే తీరుగా ఉండరని గుర్తించాలి. ఊళ్లో దొరికే వస్తువులతోనే పాఠం చెప్పాలి. పిల్లలు చేసినవి గోడలకు తగిలించి తరగతిని ఆకర్షణీయంగా ఉంచాలి. చింతపిక్కలు, పుల్లలు, గులకరాళ్లు బడిలో లెక్కల సామగ్రిగా గౌరవం పొందిన కాలం అది. 1991 జనాభా లెక్కల్లో రాష్ట్ర అక్షరాస్యత 44 శాతం. అటువంటి రాష్ట్రంలో ఇది చిన్న ప్రయత్నమేమీ కాదు.

మంచిని మంచి అనడానికి మనం సంకోచించనక్కరలేదు. బెత్తంతో ఎక్కాలు అప్పజెప్పించుకునే బడిలోకి ఆటపాటలు రావడం పిల్లలకు మేలే చేసింది. కాని కొన్నేళ్లు గడిచేసరికి చాలా చోట్ల గోడకు బొమ్మలు వేలాడదీయడమే పథకం అనే స్థితి వచ్చింది. తనిఖీకి వచ్చినవారు బొమ్మలు చూసి వెళ్లేవారు, పిల్లవాడు చదవగలుగుతున్నాడా అని అడిగేవారు తగ్గిపోయారు. ఇది ఒక్క ఆ పథకానికే ఉన్న జబ్బు కాదు లెండి.

తర్వాత వచ్చింది డీపెప్. జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం అన్నది దాని పూర్తి పేరు. 1994లో కేంద్రం ప్రారంభించిన ఈ కార్యక్రమానికి ప్రపంచ బ్యాంకు, యూరోపియన్ కమిషన్, బ్రిటన్, నెదర్లాండ్స్, యూనిసెఫ్ తలా ఒక చేయి వేశాయి. ఎవరి సొమ్ము ఏ రాష్ట్రానికన్నది ముందే పంచుకున్నారు. యూరోపియన్ కమిషన్ ఇచ్చిన 15 కోట్ల ఎక్యూలు (అప్పటి యూరప్ లెక్కల నాణెం) మధ్యప్రదేశ్‌కు వెళ్లాయి. మన రాష్ట్రంలో కరీంనగర్, వరంగల్, కర్నూలు, నెల్లూరు, విజయనగరం అనే ఐదు జిల్లాలు 1996లో బ్రిటన్ వాటాకు వచ్చాయి. నిజామాబాద్ ఆ ఐదింటిలో లేదు. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సొమ్ముతో మొదలైన 14 జిల్లాల్లో ఉంది.

ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. కాని మ్యాపు ముందు పెట్టుకుని చూడండి. కామారెడ్డి నుంచి మాచారెడ్డి మీదుగా సిరిసిల్ల దారి పట్టి జిల్లా సరిహద్దు దాటితే, అప్పటి కరీంనగర్ జిల్లా బడికి వచ్చేది బ్రిటన్ ప్రజల పన్నుల నుంచి ఇచ్చిన గ్రాంటు. సరిహద్దుకు ఇవతల బడికి వచ్చేది ప్రపంచ బ్యాంకు అప్పు. 1998లో రాష్ట్రం తీసుకున్న ఆ రుణం 54 కోట్ల డాలర్ల పైచిలుకు. సాగునీరు, రోడ్లు, ఆరోగ్యం, పౌష్టికాహారం అన్నీ అందులో ఉన్నాయి, ప్రాథమిక విద్య ఒక భాగం మాత్రమే. ఇక ఎల్లారెడ్డి నుంచి నాగిరెడ్డిపేట దాటి మెదక్ వైపు వెళ్తే మరో యూరప్ దేశం సొమ్ము కనబడేది. 1989లో నెదర్లాండ్స్ సాయంతో మన దేశంలో మొదలైన మహిళా సమాఖ్య 1993లో మెదక్ జిల్లాకు వచ్చింది. పల్లెటూరి ఆడవాళ్లను సంఘాలుగా కూర్చి, కూతుళ్ల చదువు గురించి అడిగేలా చేసిన కార్యక్రమమది. కామారెడ్డి, ఎల్లారెడ్డిలకు రెండు పక్కలా యూరప్ గ్రాంట్లు నడుస్తుండగా మధ్యలో అప్పు నడిచిందన్న మాట.

ఇక్కడ మన పాఠకులకు తప్పక వచ్చే సందేహం ఒకటుంది. అప్పు అంటే వడ్డీ కదా, మన పిల్లల బడి వడ్డీ సొమ్ముతో కట్టిందా అని. ఆ రుణంలో రెండు భాగాలున్నాయి. పేద దేశాల కోసం ప్రపంచ బ్యాంకు నడిపే ఐడీఏ అనే విభాగం ఇచ్చిన భాగానికి వడ్డీ లేదు, ఏటా 0.75 శాతం సేవా రుసుము మాత్రమే. రెండో భాగం మామూలు బ్యాంకు రుణం, దానికి వడ్డీ ఉంది. అయితే ఆ అప్పు చేసింది, తీర్చేది ప్రభుత్వం. ఆ గదిలో కూర్చుని అక్షరాలు దిద్దిన బిడ్డ మీద దాని బరువు వేసి చూడడం సబబు కాదని మా అభిప్రాయం. పన్నులు కట్టేవారిగా ఆ సొమ్ము ఎలా ఖర్చయిందని అడిగే హక్కు మాత్రం మనకు ఉంది.

డీపెప్ నిబంధనల ప్రకారం ప్రతి బడికి ఏడాదికి 2,000 రూపాయల గ్రాంటు, ప్రతి పంతులుకు బోధన సామగ్రి కోసం 500 రూపాయలు వచ్చేవి. మండలానికొక వనరుల కేంద్రం, శిక్షణలు, కొత్త గదులు సరేసరి. గదుల నిర్మాణం కాంట్రాక్టర్లకు కాకుండా బడి కమిటీలకే అప్పగించడం అందులో మెచ్చుకోదగిన సంగతి. 2000 దశకం మొదట్లో సర్వశిక్షా అభియాన్ వచ్చాక ఈ పద్ధతి దేశమంతా పాకింది. దానికి ప్రపంచ బ్యాంకు, బ్రిటన్‌లతో పాటు యూరోపియన్ కమిషన్ 20 కోట్ల యూరోలు ఇచ్చింది. ఇప్పుడు ఏ సొమ్ము ఏ జిల్లాదన్న గీత లేదు, అంతా ఒకే కుండలో పోసి పంచారు. అలా చూస్తే కామారెడ్డి, ఎల్లారెడ్డి బడులకు యూరోపియన్ కమిషన్ వాటా చేరింది అప్పుడే.

అయితే కుండ ఎవరిది? ఎక్కువ భాగం మనదే. విదేశీ సాయం గురించి పత్రికల్లో వచ్చిన పెద్ద పెద్ద అంకెలు చూసి, మన బడులు వాళ్లే నడిపారనుకోవడం పొరపాటు. ప్రాథమిక విద్య మీద దేశం పెట్టిన మొత్తం ఖర్చులో విదేశాల వాటా ఎప్పుడూ చిన్నదే. 2004లో కేంద్ర పన్నుల మీద 2 శాతం విద్యా సెస్సు వేశారు. ఎక్సైజు సుంకం ఉన్న ఏ సరుకు కొన్నా ఆ సెస్సు అందులో కలిసి వచ్చేది. ఆదాయపు పన్ను ముఖం ఎన్నడూ చూడని కూలీ కూడా బడి కోసం చెల్లించాడు. ఈనాడు ఆదాయపు పన్ను మీద ఆరోగ్య, విద్యా సెస్సు 4 శాతం ఉంది.

2010లో బ్రిటన్ పత్రికల్లో సర్వశిక్షా నిధులు దుర్వినియోగమయ్యాయని కథనాలు వచ్చాయి. వెంటనే అక్కడి ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. లండన్‌లో పన్ను కట్టేవాడు తన పౌండు ఏమైందని అడిగాడు. కామారెడ్డిలో పన్ను కట్టేవాడు తన రూపాయి ఏమైందని అడిగిన సందర్భాలు ఎన్ని? 2012లో బ్రిటన్ భారత్‌కు ఆర్థిక సాయం 2015 నాటికి ఆపేస్తామని ప్రకటించింది. 2014 నుంచి యూరోపియన్ యూనియన్ కూడా మన దేశాన్ని ద్వైపాక్షిక సాయం పొందే దేశాల జాబితా నుంచి తప్పించింది. భారత్ ఇప్పుడు పేద దేశం కాదు, తానే ఇతరులకు సాయం చేస్తోంది అన్నది వారి వాదన. స్వచ్ఛంద సంస్థల ద్వారా వచ్చే సొమ్ముకు కూడా 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక దారి బాగా ఇరుకైంది. ఒక సంస్థ తనకు వచ్చిన విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయరాదు. పెద్ద సంస్థ తెచ్చి ఊళ్లో చిన్న సంస్థకు ఇచ్చే పద్ధతి దానితో ఆగిపోయింది. కనుక “విదేశాల నుంచి వస్తున్నాయట” అనే మాట ఇకమీదట జుమా తర్వాత కబుర్లలో తప్ప ఎక్కడా నిలబడదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇన్నేళ్లలో ఇంత సొమ్ము వచ్చింది కదా, ఉర్దూ మీడియం బడిలో పంతులు కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంది?

విదేశీ దాతలు ఇష్టపడి ఇచ్చేది లెక్కపెట్టడానికి వీలైన వాటికి. గది కట్టాం, ఫొటో తీశాం. ఇంతమందికి శిక్షణ ఇచ్చాం, సంతకాలు తీసుకున్నాం. పథకానికి మొదలు, చివర ఉంటాయి. శాశ్వత పంతులు జీతం అలా కాదు. ఒకసారి నియమిస్తే ముప్పై ఏళ్లు ఇవ్వాలి. అది ప్రధానంగా రాష్ట్రం భరించవలసిన ఖర్చు. అందుకే ఈ పథకాల కాలంలో పంతుళ్ల కొరత వచ్చిన చోట విద్యా వలంటీర్లు అనే తక్కువ వేతనపు తాత్కాలిక ఏర్పాటు వచ్చింది. ఉర్దూ బడులు ఎక్కువగా వారి మీదే ఆధారపడ్డాయి. కరోనా ఏడాది 2020 తర్వాత తెలంగాణలో వేలాది వలంటీర్లను కొనసాగించలేదు. గోడలున్నాయి, నల్లబల్ల ఉంది, చెప్పేవారు కరువయ్యారు.

శాశ్వత నియామకాల సంగతి ఇంకా విచిత్రం. డీఎస్సీలో ఉర్దూ మీడియం పోస్టులకు కూడా రిజర్వేషన్ రోస్టరు వర్తిస్తుంది. ఎస్సీ, ఎస్టీ వర్గాలకు కేటాయించిన ఉర్దూ పోస్టుకు ఉర్దూ మీడియంలో చదివి, టెట్ గట్టెక్కిన ఆ వర్గాల అభ్యర్థి దాదాపుగా దొరకరు. పోస్టు అలాగే మిగిలిపోతుంది. వచ్చే డీఎస్సీకి మళ్లీ అదే పోస్టు, అదే ఖాళీ. 2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ జరిగినప్పుడూ ఉర్దూ మీడియం పోస్టులు అనేకం ఇలాగే మిగిలాయి. ఇందులో దళిత, గిరిజన సోదరుల తప్పు ఏమీ లేదు. వారి రిజర్వేషన్‌కు మనం వ్యతిరేకమూ కాదు. అభ్యర్థులు లేని పోస్టులను వారి వాటా తగ్గకుండా మరో విభాగంలో సర్దుబాటు చేసి, ఉర్దూ కుర్చీని నింపడానికి ప్రభుత్వం దారి వెతకాలి. ఇది హైదరాబాదులో సచివాలయం తేల్చవలసిన పని. బ్రస్సెల్స్ నుంచి ఎన్ని యూరోలు వచ్చినా ఈ చిక్కుముడి విప్పలేవు.

ప్రవక్త (స) జీవితంలోని ఒక సంఘటన ఇక్కడ గుర్తుకు వస్తుంది. హిజ్రీ రెండో ఏట, క్రీస్తు శకం 624లో, బద్ర్ యుద్ధంలో పట్టుబడిన మక్కా ఖైదీలలో కొందరి దగ్గర విడుదల కోసం చెల్లించడానికి ధనం లేదు. వారిలో చదవడం, రాయడం వచ్చినవారు మదీనా పిల్లలు పదేసి మందికి అక్షరాలు నేర్పితే అదే వారి విడుదల మూల్యం అని నిర్ణయించినట్లు చరిత్రకారులు రాశారు. మదీనాలో అప్పుడు ధనం అవసరం లేక కాదు, ఎంతో అవసరం ఉంది. అయినా పరాయివారి నుంచి తీసుకున్నది బోధన! అదీ మతం వేరైనవారి నుంచి, నిన్నటి శత్రువుల నుంచి. కనుక బ్రిటన్ సొమ్ముతో కట్టిన గదిలో చదివితే ఏమవుతుందో అని భయపడినవారికీ, గది వచ్చింది చాలని తృప్తి పడినవారికీ ఇందులో జవాబు ఉంది.

2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నలుగురిలో ఒకరు బడికి వెళ్లనే లేదు, లేదా మధ్యలో మానేశారు. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదరసాలకు వెళ్లేది సుమారు 3 శాతం అని కూడా అదే నివేదిక చెప్పింది. ముస్లింలు పిల్లల్ని మదరసాలకే పంపుతారు, అందుకే వెనుకబడ్డారు అనే ప్రచారానికి ఆ అంకె సరిపోయే సమాధానం. దీనీ విద్యకు సాయంకాలం మక్తబ్ ఉండనే ఉంది, పగటి చదువుకు సర్కారు బడే దిక్కు. తెలంగాణ వచ్చాక 2016 నుంచి మైనారిటీ గురుకులాలు తెరుచుకున్నాయి, వాటి సంఖ్య 204కు చేరింది. సంతోషమే. కాని గురుకులంలో ప్రవేశం అయిదో తరగతి నుంచి. ఒకటి నుంచి నాలుగు వరకు పునాది లేని బిడ్డ గురుకులంలో కూడా తడబడుతుంది. 2011 లెక్కల్లో తెలంగాణ సగటు అక్షరాస్యత 66.5 శాతం. కామారెడ్డి ప్రాంతం దానికి బాగా దిగువన ఉంది. ఆ తేడా పుట్టేది ఈ మొదటి నాలుగేళ్లలోనే.

ఉర్దూ మీడియమే కావాలని అందరికీ మేము చెప్పడం లేదు. పల్లెల్లో మన కుటుంబాల్లో చాలామంది తెలుగులోనే మాట్లాడుకుంటారు, తెలుగులోనే చదువుకున్నారు. ఈ పేజీ చదువుతున్నవారే దానికి సాక్ష్యం. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం కూడా వచ్చింది. ఏ మీడియం అన్నది తల్లిదండ్రుల ఇష్టం. కాని ఉర్దూ కోరుకున్న తల్లికి పంతులు లేడని చెప్పి పంపేస్తే అది ఇష్టం కాదు, బలవంతం. ఉర్దూ బడిలో పిల్లలు తగ్గారు కనుక పంతులు అక్కరలేదని అధికారులు అంటారు. పంతులు లేడు కనుక పిల్లల్ని తీసేశామని తల్లులు అంటారు. ఈ రెండు మాటల మధ్య బడి మూతపడుతుంది.

చట్టం మన వైపు లేకపోలేదు. రాజ్యాంగం 350ఏ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించమంటోంది. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యా మంత్రుల సమావేశం ఒక కొలత కూడా పెట్టింది: బడిలో 40 మంది లేదా ఒక తరగతిలో 10 మంది ఆ భాష పిల్లలుంటే కనీసం ఒక పంతులును ఇవ్వాలి. 2006 నాటి ప్రధానమంత్రి 15 సూత్రాల కార్యక్రమం, జనాభాలో నాలుగో వంతు ఉర్దూవారున్న చోటి బడులకు ఉర్దూ పంతుళ్ల నియామకం కోసం కేంద్ర సాయం ఉంటుందని రాసింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు పంతుళ్లు ఉండి తీరాలి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది మహిళలు. బడి అభివృద్ధి ప్రణాళిక రాసే అధికారం ఆ కమిటీది. 2024 నుంచి మరమ్మతు పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు మహిళా సంఘాల చేతిలో ఉన్నాయి. బీడీలు చుట్టే మన అక్కచెల్లెళ్లు ఈ కమిటీ సమావేశాలకు వెళ్తున్నారా? వెళ్లి వేలిముద్ర వేసి వస్తున్నారా, మాట్లాడి వస్తున్నారా?

ఇప్పుడు నిధులు నడిచేది సమగ్ర శిక్ష కింద, కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో. నిధుల లెక్కకు ఆధారం ప్రతి బడి ఏటా నింపే యూడైస్ పట్టిక. ఆ పట్టికలో పిల్లవాడి మాతృభాష గడి ఒకటుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డ పేరుకు ఎదురుగా తెలుగు అని రాసి ఉంటే, కాగితం మీద ఆ ఊళ్లో ఉర్దూ పిల్లలే లేనట్టు. అప్పుడు 10 మంది, 40 మంది అనే లెక్క ఎన్నటికీ తేలదు. పిల్లవాణ్ణి చేర్చే రోజునే తల్లి హెడ్మాస్టరును అడిగి ఆ గడి చూసుకోవాలి. తెలుగే ఇంటి భాష అయినవారు తెలుగు అనే రాయించాలి, అందులో దాపరికం అవసరం లేదు. లెక్క నిజంగా ఉండాలి, అంతే.

మస్జిద్ కమిటీలు ఒక పని చేయవచ్చు. రంజాన్‌కు ఫిత్రా పంచేందుకు ఎలాగూ మొహల్లా ఇళ్ల జాబితా రాస్తారు. అదే జాబితాలో ఆరేళ్లు నిండిన పిల్లల పేర్లు, వారు వెళ్తున్న బడి, కోరుకుంటున్న మీడియం మూడు గడులు అదనంగా గీస్తే చాలు. పది మంది తేలితే తల్లిదండ్రుల సంతకాలతో దరఖాస్తు రాసి బడి కమిటీ చేత తీర్మానం చేయించి మండల విద్యాధికారికి, దాని ప్రతిని కామారెడ్డిలో జిల్లా విద్యాధికారికి ఇవ్వాలి. ఎల్లారెడ్డివారు కామారెడ్డి దాకా వెళ్లడానికి ఒక రోజు కూలి పోతుంది, కనుక నలుగురి తరఫున ఒకరు వెళ్తే సరిపోతుంది. దరఖాస్తు ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోవడం మరచిపోవద్దు. నోటిమాటగా ఇచ్చిన వినతికి కార్యాలయంలో జ్ఞాపకం ఉండదు.